మంద కుక్కకు పేరు ఉండదు

మా పశువైద్య శాఖ ఫారాల్లో ఏ జంతువుకైనా "జాతి" అని ఒక గడి ఉంటుంది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఆ గడి నింపుతూనే ఉన్నాను. భద్రాచలం దారిలో, పొలాలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉన్న ఉపకేంద్రంలో నాది సహాయకురాలి ఉద్యోగం. డాక్టరు గారు వారానికి రెండు రోజులే వస్తారు కాబట్టి మిగతా రోజుల్లో ఊళ్ళవాళ్ళకి నేనే డాక్టరమ్మని. మొదట్లో "నేను డాక్టర్ని కాదు" అని ప్రతివాళ్ళకీ చెప్పేదాన్ని. తర్వాత నోరు నొప్పి పుట్టి మానేశాను.

సారపాక పేపరు మిల్లు కాలనీ నుంచి వచ్చే కుక్కలతో ఆ గడికి ఇబ్బంది లేదు. వాటి యజమానులు జాతి పేరే కాదు, దాని తల్లిదండ్రుల పేర్లు కూడా కాగితం మీద చూపిస్తారు. మా చుట్టుపక్కల కుక్కలకి మాత్రం "నాటు" అని రాసి ఊరుకుంటాం. హోటల్ ముందు పడుకునే కుక్కా నాటే, గొర్రెల మంద వెనక అడవి అంచున నడిచే కుక్కా నాటే. ఆ రెండూ ఒకటి కావని నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. తెలిసిన తీరు చెప్పుకోవడానికి గొప్పగా ఉండదు, అయినా చెబుతాను.

ఉపకేంద్రం పక్కనే నేను కిరాయికి ఉండే రెండు గదుల ఇల్లు. మా ఆయన కూసుమంచిలో టీచరు, ఆదివారాలు వస్తాడు. కాలవ గట్టు పట్టుకుని రెండు కిలోమీటర్లు పోతే గొర్రెలు కాసుకునే ఒక జంట ఇల్లు వస్తుంది. ఇద్దరూ అరవైకి దగ్గరలో ఉన్నవాళ్ళు. ఆయన్ని అన్నా అంటాను, ఆమెను వదినా అంటాను. అన్న రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆయన వాటా కూడా వదినే మాట్లాడేస్తుంది. వాళ్ళకి నూరు దాటిన మంద ఉంది. ఎండాకాలం కోసేసిన చేలల్లో మంద పెడతారు. ఎరువు కోసం రైతులే పిలుస్తారు. వానలు పడి పత్తి గింజ పెట్టగానే చేలన్నీ గొర్రెలకి మూసుకుపోతాయి. ఇక జామాయిల్ తోటలు దాటి అడవి అంచుకు పోవాలి, నాలుగైదు నెలలు అక్కడే. అక్కడ నక్కలుంటాయి, గుంపుగా వేటాడే రేచుకుక్కలుంటాయి, ఎప్పుడైనా చిరుత కూడా వస్తుంది. కుక్క లేకుండా మంద అక్కడికి పోదు.

వాళ్ళ కుక్కని మొదటిసారి చూసినప్పుడు జబ్బు చేసిందేమో అనుకున్నాను. సన్నటి నడుము, పొడుగు కాళ్ళు, ఎండిన తునికాకు రంగు. మెడకి మేకులు పైకి తేలిన తోలు పట్టా. చిరుత మొదట మెడే పట్టుకుంటుందట, అందుకు ఆ పట్టా. నన్ను చూసి మొరగలేదు, తోక ఊపలేదు. గొర్రెలకీ నాకూ మధ్య వచ్చి నిలబడింది, అంతే. నేను పక్కకి జరిగితే అదీ జరిగింది.

"దీనికి ఏం పెడతరు వదినా, గింత బక్కగున్నది?" అన్నాను. ఇక్కడికి వచ్చాక నా పుట్టింటి మధిర మాట కూడా వాళ్ళ మాటలో కలిసిపోయింది.

"అంబలి పోస్తం. అదీ దొడ్డిల, గొర్ల నడుమనే. ఇంటి గడప కాడ మెతుకు ఎయ్యం," అంది వదిన.

దాని పుట్టుపూర్వోత్తరాలు కూడా ఆమే చెప్పింది. కాలనీ వాళ్ళ కాగితాల్లో తండ్రి పేరు ముందు ఉంటుంది. ఇక్కడ వరస అంతా తల్లి నుంచి తల్లికి. వదిన వాళ్ళ అత్తకి అత్త ముదిగొండ వైపు నుంచి కాపురానికి వచ్చినప్పుడు, పుట్టింటి వాళ్ళిచ్చిన గొర్రెల వెనక ఒక ఆడకుక్క నడుచుకుంటూ వచ్చింది. ఆ కుక్క కూతురు, దాని కూతురు, అలా ఇక్కడిదాకా. ఆడ కుక్కపిల్లని అమ్మరు. చుట్టాల్లో మంద ఉన్నవాళ్ళు అడిగితే ఇస్తారు, బదులుగా వాళ్ళు ఒక ఆడ గొర్రెపిల్లని తెచ్చి మందలో వదులుతారు. వదిన వేళ్ళు మడుస్తూ ఏ కడుపున ఏది పుట్టిందో, ఏది ఏ ఊరికి పోయిందో చెప్పుకుంటూ పోయింది. నేను మూడో తరానికే తప్పిపోయాను.

నాకు అప్పటికి ఇవన్నీ కాలక్షేపం కబుర్లే. నా తెలివి అంతా పుస్తకాల్లో ఉండేది. అందుకే కాలనీలో ఒక కుటుంబం బోర్డర్ కోలీ అనే నల్లా తెలుపూ బొచ్చు కుక్కని తెచ్చి, అది ఇంట్లో పిల్లల్నీ కుర్చీల్నీ ఒక మూలకి తోలేస్తోందని మొర పెట్టుకుంటే, నేను పెద్ద పండితురాలిలా మాట్లాడాను. అది ఇంగ్లండుకీ స్కాట్లండుకీ మధ్య గుట్టల్లో కాపరులు తయారుచేసుకున్న జాతి అనీ, నేలకి నక్కి రెప్ప వేయకుండా చూసి, ఆ చూపుతోనే గొర్రెల్ని కదిలిస్తుందనీ, ఒక్క మందని చూపిస్తే దాని దురద తీరుతుందనీ చెప్పాను. చెప్పి ఊరుకోక నేనే వెంటబెట్టుకుని అన్న వాళ్ళ మంద దగ్గరికి తీసుకుపోయాను.

కోలీ నేను చెప్పినట్టే చేసింది. దాన్ని తప్పు పట్టడానికి లేదు. బొజ్జ నేలకి ఆనించి, మంద చుట్టూ అర్ధచంద్రంగా తిరిగి, నక్కి, కళ్ళు నిలిపింది. మా గొర్రెలు జన్మలో అలాంటి కుక్కని చూడలేదు. అలా నక్కి చూసేది చిరుత ఒక్కటేనని వాటికి తెలుసు. ఒక్క క్షణం ముద్దగా దగ్గరకి జరిగి, తర్వాత చెల్లాచెదురుగా జామాయిల్ తోటలోకి పారిపోయాయి. అన్న వాళ్ళ కుక్క మాత్రం కోలీ మీదికి పోలేదు, పారిపోయిన వాటి వెనకా పోలేదు. కదలలేక ఉండిపోయిన చిన్న గొర్రెపిల్లల దగ్గర నిలబడింది. గొర్రెలన్నిటినీ పోగుచేసేసరికి సాయంత్రమైంది. అన్న తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని, "కుక్క మంచిదే. మా గొర్లకు కొత్త," అన్నాడు. ఆ రోజు ఆయన మాట్లాడింది అంతే. నాకు సిగ్గేసింది.

ఆ తర్వాతే వాళ్ళ పద్ధతిని కళ్ళు తెరిచి చూశాను. ఇక్కడ మంద ముందు మనిషి నడుస్తాడు, ఆయన గొంతు విని గొర్రెలు వెనక నడుస్తాయి, వాటి వెనక కుక్క. తోలే పని లేనే లేదు. ఉండటమే దీని పని. కోలీకి గొర్రె అంటే చేయాల్సిన పని. దీనికి గొర్రె అంటే ఇంట్లో మనిషి. అలా అవడానికి దాన్ని కళ్ళు తెరవకముందే గొర్రెపిల్లల గంప కింద పెడతారు. తల్లి పాలతో పాటు గొర్రె పాలూ తాగిస్తారు. నెలన్నర వయసులో పిల్లలన్నిటినీ దొడ్డిలో వదిలి చూస్తారు. గొర్రెపిల్ల చెవి కొరికేదాన్ని ఊళ్ళో ఎవరికైనా ఇచ్చేస్తారు. గొర్రెపిల్ల కడుపుకి ఆనుకుని నిద్రపోయేదాన్ని ఉంచుకుంటారు. అమ్మమ్మల కాలం నుంచీ ఇదే చేస్తున్నారు. జాతి అనేది ఇలాగే తయారవుతుందని నాకు ఏ పుస్తకమూ ఇంత తేలిగ్గా చెప్పలేదు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఆ కుక్కకి పేరు పెట్టరు.

"పేరు పెడితె పిలవబుద్ధయితది డాక్టరమ్మా. పిలిస్తె వస్తది. గొర్లను ఇడిసిపెట్టి మన కాడికొస్తె ఆడ ఏమయితది?" అంది వదిన.

రెండేళ్ళ కిందట ఆ కుక్క ఆఖరి ఈత ఈనింది. అప్పటికే దాని కళ్ళలో తెల్లటి పొర మొదలైంది. అయిదు పిల్లలు, అందులో రెండు ఆడవి. ఈ సారి సంగతి వేరని వదిన ముందే చెప్పింది. ముసలిది ఇంకొక్క వానాకాలం మాత్రమే నడవగలదు. ఆ వానాకాలం ఒక పిల్ల దాని పక్కన నడిచి నేర్చుకోవాలి. ఇదివరకు ఆడ కుక్కపిల్లల్ని ఇచ్చిన ఇళ్ళల్లో ఇప్పుడు మందలే లేవు. ఒకరు ఖమ్మంలో ఆటో నడుపుతున్నారు, ఒకరు గ్రానైటు పనికి పోయారు. ఈ కుక్కల వరస తెగిపోతే వీళ్ళూ గొర్రెల్ని అమ్మేసుకోవాల్సిందే.

చిన్న కుక్కపిల్లలకి రక్తపు విరేచనాల జబ్బు రాకుండా టీకా ఉంది. మా కేంద్రానికి గొర్రెల టీకాలు వస్తాయి, ఈ టీకా రాదు. ఖమ్మంలో కొని తేవాలి. తెస్తానని వదినకి మాటిచ్చాను. ఒక శనివారం బస్సు దొరకలేదు, ఇంకో శనివారం బద్ధకించాను. మూడో శనివారం లోపల జబ్బు వచ్చేసింది. మూడు రోజుల్లో నాలుగు పిల్లలు చచ్చిపోయాయి. మిగిలిన ఆడపిల్లని అన్న గొంగడిలో చుట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఒక్క మాట అని ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

దాన్ని ఇంట్లోనే ఉంచుకున్నాను. పూటపూటకీ సెలైను పెట్టాలి, దొడ్డిలో కుదరదు. ప్లాస్టిక్ కుర్చీలో పాత తువ్వాలు పరిచి పడుకోబెట్టాను. చెంచాతో గంజి నీళ్ళు పట్టాను. అయిదో రోజున అది తల ఎత్తి నా వేలు నాకింది. ఆరో రోజున పెరుగన్నం తిని, నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని వంటింటి దాకా వచ్చింది. ఆదివారం మా ఆయన వచ్చి చూసి, "వారానికొకసారి వచ్చే మనిషికి కుర్చీ లేదు, కుక్కకి ఉందా?" అని నేల మీద కూర్చుని తిన్నాడు.

ఆరో రోజునే తిరిగి ఇచ్చేయాల్సింది. నాకు తెలుసు, వైద్యం అయిపోయింది. అన్న వచ్చి గుమ్మంలో నిలబడితే, "ఇంకా నీరసంగ ఉన్నది, బలం రానీ అన్నా," అన్నాను. అబద్ధం. అది ఆ సమయానికి నా చెప్పు కొరుకుతోంది. ఇంకో అయిదు రోజులు ఉంచుకున్నాను. పొద్దున్నే నిద్ర లేవగానే నా కోసం ఒక ప్రాణి తోక ఊపుతుంటే ఎవరికి చేదు? వాళ్ళ కట్టుబాట్లన్నీ తెలిసి కూడా ఒళ్ళో కూర్చోబెట్టుకుని చేత్తో తినిపించాను. ఒక పేరు కూడా పెట్టాను. అదేమిటో ఇక్కడ రాయను. నేను చేసిన తప్పుల్లో నాకు బాగా నచ్చిన తప్పు అదే.

పదకొండో రోజున అన్న తీసుకుపోయాడు. పన్నెండో రోజు పొద్దున అది నా గేటు ముందు ఉంది. గంప కింద నుంచి దూరి, కాలవ గట్టున రెండు కిలోమీటర్లు ఒంటరిగా నడిచి వచ్చింది. నేను పరుగెత్తి గేటు తీశాను. సంతోషం పట్టలేక తీశాను, దాచడం ఎందుకు. అన్నం పెట్టి, నీళ్ళు పెట్టి, స్కూటీ మీద తీసుకుపోయి అప్పజెప్పాను. రెండు రోజులకి మళ్ళీ వచ్చింది. మళ్ళీ గేటు తీశాను. మూడోసారీ అంతే.

నాలుగోసారి వచ్చినప్పుడు దాని వెనకే వదిన నడిచి వచ్చింది. చెమటతో తడిసి ఉంది. గేటు బయట నిలబడి, లోపలికి రమ్మన్నా రాలేదు.

"దొడ్డిల పండుకుంటలేదు. గొర్ల నడుమ ఇడిస్తె మనిషి కోసం ఎతుకుతాంది. ముసల్ది పక్కన పండుకుంటె లేసి దారి దిక్కు చూస్తాంది. పదిహేను దినాలల్ల వానలు పడ్తయి. ఏం జేద్దామంటవు?"

"కొన్ని దినాలు కట్టేయుండ్రి వదినా."

"కట్టేస్తె గొర్ల మీద పగ పడ్తది. నువ్వే కొట్టాలె."

నాకు అర్థం కాలేదు. కొట్టి భయపెట్టాలంటే వాళ్ళు కొట్టుకోవచ్చు కదా అన్నాను.

"మేము కొడితె నీ కాడికొస్తది," అంది వదిన. "నువ్వు కొడితె మా కాడికొస్తది. గేటు నీది, పెట్టిన చెయ్యి నీది. మేము జేసేదేం లేదు."

నా వల్ల కాదన్నాను. వదిన గొంతు పెంచలేదు. "అయితె ఉంచుకో. పిల్ల మంచిగనే బతుకుతది. మేము గొర్లు అమ్ముకుంటం," అంది.

కోపం వచ్చింది నాకు. ఆమె మీద కాదు, ఆమె చెప్పినదాంట్లో తప్పు లేనందుకు. లోపలికి పోయి, సూది వేసేటప్పుడు గేదెల్ని అదిలించడానికి ఉంచుకున్న తునికి కర్ర తెచ్చాను. కుక్కపిల్ల ఆటేమో అనుకుంది. మొదటి దెబ్బ మెల్లగా వేశాను. అది వెల్లకిలా పడుకుని బొజ్జ చూపించి తోక ఊపింది. "గట్ల గాదు," అంది వదిన. రెండో దెబ్బ నిజంగా కొట్టాను. నా బతుకులో ఒక జంతువుని నిజంగా కొట్టింది అదొక్కసారే. అది అరవలేదు. లేచి నిలబడి, కర్రని కాకుండా నా మొహాన్ని చూసింది. మూడోసారి కర్ర ఎత్తేసరికి వెనక్కి తగ్గింది. వదిన అప్పటికే తిరిగి నడక మొదలుపెట్టింది. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. గొర్రెల్ని పిలిచేటప్పుడు చేసే చప్పుడు నాలుకతో చేసుకుంటూ పోయింది. కుక్కపిల్ల కాసేపు నిలబడి ఆ చప్పుడు వెనక పోయింది.

మర్నాడు ఇంకొక్కసారి వచ్చింది. గేటు దాకా రాలేదు, వీధి మలుపులో చింతచెట్టు దగ్గర ఆగింది. నేను గుమ్మంలో నిలబడి కర్ర చూపించాను. అది వెనక్కి తిరిగింది. తర్వాత రాలేదు. తలుపు వేసుకుని చాలాసేపు ఏడ్చాను. ఆ ఆదివారం కుర్చీ ఖాళీగా ఉండటం మా ఆయన చూశాడు. తువ్వాలు తీయకుండా పక్కకి జరిపి, మళ్ళీ నేల మీదే కూర్చున్నాడు.

వానలు పడ్డాయి. మంద అడవి అంచుకు పోయింది. ఆ నాలుగు నెలలూ నేను అటు పోలేదు. పోవాల్సిన పని పడకుండా చూసుకున్నాను. సంతలో వదిన కనిపిస్తే గొర్రెల గురించి అడిగేదాన్ని, ఆమె గొర్రెల గురించే చెప్పేది. ముసలి కుక్క దీపావళికి ముందే పోయిందని మాత్రం చెప్పింది.

చలికాలంలో గొర్రెలకి వేసే పారుడు రోగం టీకాలు వచ్చాయి. ఐసు డబ్బా స్కూటీకి కట్టుకుని పొద్దున్నే పోయాను. మంద జామాయిల్ తోట అవతల బీడులో ఉంది. దగ్గరికి పోయేసరికి గొర్రెల మధ్య నుంచి తునికాకు రంగు కుక్క ఒకటి లేచి వచ్చింది. పొడుగు కాళ్ళు, సన్నటి నడుము, మెడకి ముసలిదాని మేకుల పట్టా. పట్టా ఇంకా కొంచెం వదులుగానే ఉంది. గొర్రెలకీ నాకూ మధ్య నిలబడింది. మొరగలేదు, తోక ఊపలేదు.

పిలవకూడదని తెలుసు. అయినా పెదవుల మధ్యనే ఆ పేరు అన్నాను. అది కదలలేదు. నేను పక్కకి జరిగితే అదీ జరిగింది, అంతే. నాకు ఒకేసారి గర్వంగానూ ఏదో పోగొట్టుకున్నట్టుగానూ అనిపించింది. అన్న వచ్చి దాని ముందు నిలబడ్డాకే నన్ను గొర్రెల దగ్గరికి రానిచ్చింది.

పని మొదలుపెట్టాం. అన్న గొర్రెని పట్టుకుంటాడు, నేను ఎడమ చేత్తో మెడ మీద చర్మం ఎత్తి సూది వేస్తాను, వదిన రంగు గీత గీసి వదులుతుంది. పది గొర్రెలయ్యాక గమనించాను. వదిలిన గొర్రె నేరుగా మందలోకి పోవడం లేదు. కుక్క దాన్ని ఆపి, మెడ మీద నా చేయి తగిలిన చోట ముక్కు పెట్టి వాసన చూస్తోంది. చూసి పోనిస్తోంది. మళ్ళీ ఇంకోదాన్ని ఆపుతోంది. నా వైపు ఒక్కసారి కూడా రాలేదు. నూరు దాటిన మందలో ఒక్క గొర్రెని కూడా వదలలేదు.

వదిన కూడా చూసింది. రంగు డబ్బా కింద పెట్టి, "సూది మందు వాసన పట్టినట్టున్నది," అంది.

"అవ్ వదినా," అన్నాను. ఆ తర్వాత ప్రతి గొర్రె మెడ మీదా నా చేతిని, అవసరమైన దానికంటే కొంచెం ఎక్కువసేపు ఉంచాను.